అధ్యక్షుడికి రెండుసార్లు చాలు

తోటి విద్యార్థులకు ఒక సవాలు తెచ్చాను.

"దేశాధ్యక్షుడు ఎన్నిసార్లు ఎన్నిక కావచ్చో చట్టం హద్దు పెట్టాలా?" అని అడిగితే మన క్లాసుల్లో ఎక్కువ మంది "ఎందుకు పెట్టాలి?" అనే అంటారు. వాళ్ళ వాదన వినడానికి బాగానే ఉంటుంది. ఓటు వేసేది జనం. బాగా పనిచేసేవాణ్ణి ఆ జనమే మూడోసారి, నాలుగోసారి కావాలంటే వద్దనడానికి చట్టం ఎవరు? గెలిపిస్తున్న కెప్టెన్‌ని ఎవరైనా జట్టులోంచి తీసేస్తారా? ఇలా అడిగేసరికి చప్పట్లు పడతాయి.

ఆ చప్పట్లు తొందరపడి కొట్టినవని నా అభిప్రాయం. ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుడు ఎవరైనా సరే, ఎంత గొప్పవాడైనా సరే, రెండుసార్లు చాలు. ఈ హద్దు ప్రజల ఓటు విలువను తగ్గించదు. రేపు కూడా ఆ ఓటుకు విలువ ఉండేలా చూస్తుంది. ఎలాగో చెబుతాను.

ముందు ఆ కెప్టెన్ సంగతి చూద్దాం. కెప్టెన్‌ని ఎంపిక చేసేది సెలెక్టర్లు. అవుటా కాదా చెప్పేది అంపైర్లు. ఈ ఇద్దరూ కెప్టెన్ చేతిలో లేరు కాబట్టే అతని గెలుపును మనం నమ్ముతాం. అదే కెప్టెన్ సెలెక్టర్లను తానే పెట్టుకుని, అంపైర్లనూ తానే పెట్టుకుంటే, అప్పుడు కూడా "గెలుస్తున్నాడు కదా" అంటామా? చాలా ఏళ్ళు కుర్చీలో ఉన్న అధ్యక్షుడి దగ్గర సరిగ్గా ఇదే జరుగుతుంది. ఎన్నికలు నడిపేవాళ్ళు, పోలీసు అధికారులు, జడ్జీలు ఏడాదికి కొందరు చొప్పున మారుతూ ఉంటారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి దాదాపు అందరూ ఆయన పెట్టినవాళ్ళే అవుతారు.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. మనం ఉన్న తమిళనాడుకు కూతవేటు దూరంలో, ధనుష్కోడి అవతల సముద్రం దాటితే చాలు, శ్రీలంకలో ఇది జరిగింది.

శ్రీలంక 1978 రాజ్యాంగం ప్రకారం ఒకే మనిషిని రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నుకోకూడదు. 2005లో మహింద రాజపక్స గెలిచారు. 2009 మే నెలలో యుద్ధం ముగిసింది. ఆ ఊపులో 2010 జనవరిలో రెండోసారి గెలిచారు. సింహళ ప్రజల్లో చాలా మందికి ఆయన అప్పుడు వీరుడు. అదే ఏడాది సెప్టెంబరులో 18వ రాజ్యాంగ సవరణ వచ్చింది. పార్లమెంటులో అనుకూలంగా 161 ఓట్లు, వ్యతిరేకంగా 17. దాంతో రెండుసార్ల హద్దు పోయింది.

కానీ ఆ సవరణలో ఇంకో సంగతి కూడా ఉంది. మన వాదనకు అసలు కీలకం అదే. ఎన్నికల సంఘం, పోలీసు సంఘం లాంటి స్వతంత్ర సంస్థలకు సభ్యులను వేయాలంటే అంతకుముందు ఒక రాజ్యాంగ మండలి సిఫారసు చేయాలి. 18వ సవరణ ఆ మండలిని తీసేసి నియామకాలు అధ్యక్షుడి చేతిలో పెట్టింది. ఇంకోసారి పోటీ చేసే హక్కు, అంపైర్లను పెట్టుకునే హక్కు, రెండూ ఒకే కాగితం మీద వచ్చాయి. అలా రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. తరవాత 2013 జనవరిలో ఆ దేశపు మొట్టమొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి షిరాణి బండారనాయకేను అభిశంసించి పదవి నుంచి తీసేశారు. ప్రభుత్వం తెచ్చిన ఒక బిల్లుకు ఆమె కోర్టు అడ్డు చెప్పి అప్పటికి కొద్ది నెలలే అయింది.

"అయినా 2015లో జనమే ఆయన్ని ఓడించారు కదా, హద్దు లేకపోయినా ఓటు పనిచేసింది కదా" అని ఎవరైనా అనొచ్చు. నిజమే, 2015 జనవరిలో ఆయన ఓడిపోయారు. కానీ ఎలా ఓడిపోయారు? ఆయన మంత్రివర్గంలోనే ఆరోగ్య మంత్రిగా ఉన్న మైత్రిపాల సిరిసేన బయటికొచ్చి పోటీకి నిలబడితే, ఒకరితో ఒకరికి పడని ప్రతిపక్షాలన్నీ ఆయన వెనక చేరితే, అప్పుడు దక్కింది 51 శాతం. సొంత ఇంట్లోంచి ఒకరు తిరగబడితే తప్ప మారని ప్రభుత్వాన్ని చూసి "ఓటు బాగా పనిచేసింది" అని సంబరపడాలా?

ఆ ఏడాది ఏప్రిల్‌లో 19వ సవరణ రెండుసార్ల హద్దును మళ్ళీ తెచ్చింది. ఈసారి అనుకూలంగా 212 ఓట్లు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. 2010లో హద్దు తీసేసిన పార్లమెంటు, 2015లో హద్దు పెట్టిన పార్లమెంటు వేరు వేరు కావు. మధ్యలో పార్లమెంటు ఎన్నికలే జరగలేదు. చాలా మంది సభ్యులు రెండుసార్లూ చేయెత్తినవాళ్ళే. ఐదేళ్ళలో వాళ్ళ బుద్ధి మారిందా? నాకలా అనిపించదు. కుర్చీలో మనిషి మారాడు, అంతే. బలమైన అధ్యక్షుడు కూర్చుని ఉండగా "వద్దు" అనే ధైర్యం చాలా మందికి ఉండదు. అందుకే ఈ హద్దు ఆ రోజు ఉన్న మనుషుల ధైర్యం మీద ఆధారపడకూడదు, ముందే రాసి ఉండాలి.

ఇక "జనం కోరుకుంటే" అన్న మాట దగ్గరికి వద్దాం. హద్దు తీసేయండి అని సాధారణంగా అడిగేది ఎవరు? నేను చదివిన ఉదాహరణల్లో కుర్చీలో ఉన్నవాళ్ళే. రష్యాలో పుతిన్ 2000 నుంచి 2008 దాకా రెండుసార్లు అధ్యక్షుడు. వరసగా మూడోసారి కుదరదు కాబట్టి నాలుగేళ్ళు ప్రధానమంత్రి కుర్చీలో కూర్చుని 2012లో తిరిగి వచ్చారు. 2020లో రాజ్యాంగం సవరించి, అంతకుముందు చేసిన పదవీకాలాలన్నీ లెక్కలోకి రావన్నారు. ఇప్పుడు ఆయన 2036 వరకు ఉండొచ్చు. చైనాలో 2018 మార్చిలో అధ్యక్షుడి రెండుసార్ల హద్దు ఎత్తేశారు. ఓటింగ్‌లో అనుకూలం 2958, వ్యతిరేకం 2. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద సభలో, వద్దన్నవాళ్ళు ఇద్దరు!

"అవి ప్రజాస్వామ్యాలే కావు, వాటితో పోలికేంటి?" అంటారా? సరే, బొలీవియాకు వెళ్దాం. అక్కడ ఎవో మొరాలెస్ 2006లో అధ్యక్షుడయ్యారు. ఆ దేశపు మూలవాసుల నుంచి వచ్చిన మొదటి అధ్యక్షుడు ఆయన. ఆయన కాలంలో పేదరికం తగ్గింది. ఆయన చెడ్డవాడని నేను అనను, నాకు ఆయన కథ ఇష్టం కూడా. 2009లో ఆయన హయాంలోనే కొత్త రాజ్యాంగం వచ్చింది. వరసగా రెండుసార్లే అని అందులోనే రాశారు. ఆ హద్దు దగ్గర పడుతుంటే దాన్ని మార్చాలని 2016 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. 51 శాతం మంది "వద్దు" అన్నారు. జనం మాటే శాసనం అయితే కథ అక్కడితో అయిపోవాలి. అవలేదు. 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, ఎన్నిసార్లైనా పోటీ చేయడం మానవ హక్కు అన్న వాదనను ఒప్పుకుని దారి ఇచ్చింది. 2019లో ఆయన నాలుగో పదవీకాలం కోసం పోటీ చేశారు. ఓట్ల లెక్కింపు మీద గొడవలు లేచాయి, దేశం అట్టుడికింది. చివరికి రాజీనామా చేసి దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. తెప్ప మీద ఏరు దాటి ఆ తెప్పనే తగలేసినట్టు, తాను ఒప్పుకున్న హద్దును తానే దాటారు. మంచి పేరుతో దిగిపోవాల్సిన మనిషికి ఆ పేరు కూడా దక్కలేదు. జనం "కావాలి" అన్నప్పుడు జనం మాట గొప్పది, "వద్దు" అన్నప్పుడు కోర్టు మాట గొప్పది అంటే, మొదటి నుంచీ గొప్పది కుర్చీయే కదా?

ఇంకా లోతుకు వెళ్దాం. జనంలో ఎక్కువ మంది నిజంగానే, మనస్ఫూర్తిగా ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ కోరుకుంటున్నారే అనుకోండి. అప్పుడైనా హద్దు ఉండాలా? ఉండాలి. ఈ మాట మిగతా పిల్లల కంటే మన బడి పిల్లలకే బాగా అర్థం కావాలి.

మనం తమిళనాడులో తెలుగు మీడియంలో చదువుతున్నాం. ఈ రాష్ట్రంలో మనం కొద్దిమందిమి. ప్రతిదీ తలకాయలు లెక్కపెట్టి తేల్చాలంటే ఈ బడి, ఈ పత్రిక, ఈ వ్యాసం ఉంటాయో లేదో నాకు నమ్మకం లేదు. ఉన్నాయంటే కారణం, ఎక్కువ మంది కలిసి కూడా తీసేయలేని కొన్ని హక్కులను రాజ్యాంగం ముందే రాసి పెట్టింది. 30వ అధికరణం భాషా మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించాలనే 350ఎ అధికరణం 1956లో చేరింది. సరిగ్గా అదే 1956లో శ్రీలంక పార్లమెంటు సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేసింది. అది దొంగచాటుగా చేసింది కాదు. ఆ మాట చెప్పి ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వమే చేసింది. ఎక్కువ మంది కోరుకున్నారు, జరిగింది. దాని ఫలితం ఆ దేశం, ముఖ్యంగా అక్కడి తమిళులు, ఎన్ని దశాబ్దాలు అనుభవించారో ఈ రాష్ట్రంలో ఉన్న మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి "ఎక్కువ మంది కోరుకున్నారు కదా, ఇంక హద్దెందుకు?" అనే మాటను మనం నోట్లోకి రానివ్వకూడదు. మన బడి గోడ ఆ హద్దు మీదే కట్టారు. ఎక్కువ మందికి ఎంత అధికారం ఇవ్వాలన్న దానికి ఒక హద్దు ఉండాలని ఒప్పుకుంటే, ఆ ఎక్కువ మంది పేరు చెప్పుకుని కూర్చునే ఒక్క మనిషికి ఎంత కాలం ఇవ్వాలన్న దానికీ హద్దు ఉండాలి. తనను ఎన్నుకోని నలభై శాతానికి కూడా ఆయనే అధ్యక్షుడు. వాళ్ళకు "ఈ రోజు కాకపోతే ఇంకో ఐదేళ్ళకైనా మారుతుంది" అనే ఆశ మిగలాలి. ఆ ఆశ ఉన్నంత కాలం ఓడినవాళ్ళు ఓటమిని ఒప్పుకుంటారు.

తరవాతి వాదన అనుభవం గురించి. "కష్టకాలంలో చేయి తిరిగినవాణ్ణి ఎలా వదులుకుంటాం?" దీనికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్. మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ రెండుసార్లు చేసి తప్పుకున్న దగ్గర్నుంచి అక్కడ రెండుసార్లే అన్నది ఆచారంగా ఉండేది. రూజ్వెల్ట్ ఆ ఆచారం పక్కన పెట్టి 1932, 1936, 1940, 1944లో నాలుగుసార్లు గెలిచారు. ఆర్థిక మాంద్యం, ఆ తరవాత ప్రపంచ యుద్ధం. గొప్పగా నడిపించారు, కాదనను. కానీ నాలుగో పదవీకాలం మొదలై మూడు నెలలు తిరక్కుండానే, 1945 ఏప్రిల్‌లో ఆయన చనిపోయారు. ఉపాధ్యక్షుడు ట్రూమన్ ఆ కుర్చీ ఎక్కారు. అణుబాంబు తయారవుతున్న సంగతి ఆయనకు పూర్తిగా చెప్పింది అధ్యక్షుడు అయ్యాకే! ప్రపంచంలోకెల్లా భయంకరమైన ఆయుధం గురించి, ఆ కుర్చీకి ఒక్క మెట్టు కింద ఉన్న మనిషికే తెలియదు. దేశమంతా ఒక్క మనిషికి అలవాటు పడిపోతే జరిగేది ఇదే. "ఆయన లేకపోతే ఎలా?" అంటాం గానీ, ఆయన లేని రోజు ఎలాగూ వస్తుంది. ఆ రోజుకు ఇంకొకరు తయారై ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. రెండుసార్ల ఆచారాన్ని 1951లో 22వ సవరణతో అమెరికా చట్టంగా మార్చుకుంది. అందులో పార్టీ రాజకీయం కూడా ఉంది, నిజమే. అయినా ఆ తరవాత ఏ పార్టీ దాన్ని తీసేయలేదు.

ఇది అర్థం కావడానికి అమెరికా దాకా కూడా పోనక్కర్లేదు. మా అమ్మ ఉన్న మహిళా సంఘంలో లెక్కల పుస్తకం ఒకరి దగ్గరే ఉండదు, చేతులు మారుతుంది. మొదట రాసిన అక్క దొంగ అని కాదు. ఆమె లెక్క ఏనాడూ తప్పలేదు. కానీ పుస్తకం మారింది కాబట్టే ఇవాళ ఆ సంఘంలో నలుగురికి లెక్క రాయడం వచ్చు. పైగా పుస్తకం రేపు ఇంకొకరి చేతికి పోతుందని తెలిస్తే ప్రతి పేజీ శుభ్రంగా ఉంటుంది. మర్రిచెట్టు కింద ఇంకో మొక్క ఎదగదని పెద్దలు ఊరికే అనలేదు. నీడ గొప్పదే, కాదనను. కానీ చెట్టు పడ్డ రోజు అక్కడ ఏమీ ఉండదు.

నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్నలు ఇంకో రెండు ఉన్నాయి. వాటిని దాటేసి పోవడం న్యాయం కాదు.

ఒకటి: "మళ్ళీ పోటీ లేదని తెలిస్తే రెండోసారి ఇష్టం వచ్చినట్టు చేస్తాడు కదా? ఎవరికి భయపడాలి?" తన తరవాత వచ్చేవాడికి భయపడాలి. ఆ వచ్చేవాడు ఫలానా రోజున బీరువా తెరిచి ఫైళ్ళన్నీ చూస్తాడని తేదీతో సహా తెలుసు. ఎప్పటికీ దిగనక్కర్లేని వాడికి ఆ భయం ఉండదు. పైగా అతని పార్టీకి రేపు జనం దగ్గరికి వెళ్ళే అవసరం ఉంటుంది కాబట్టి, సొంత పార్టీవాళ్ళే చెయ్యి పట్టుకుని ఆపుతారు.

రెండు: "తాను కాకపోతే తమ్ముణ్ణి నిలబెడతాడు. అప్పుడేం చేస్తావ్?" ఇది పదునైన ప్రశ్న, ఎందుకంటే ఇదీ శ్రీలంకలోనే జరిగింది. 2019లో మహింద మళ్ళీ పోటీ చేసే వీల్లేదు. తమ్ముడు గోటబయ నిలబడి గెలిచి, అన్నను ప్రధానమంత్రిని చేశారు. హద్దు ఒక్కటే అన్నిటికీ మందు కాదని నేనూ ఒప్పుకుంటాను. స్వతంత్రమైన కోర్టులు కావాలి, ఎన్నికల సంఘం కావాలి, ప్రశ్నించే పత్రికలు కావాలి. కానీ ఇంటి తలుపుకు గడియ పెట్టినా దొంగ కిటికీలోంచి వచ్చాడని, గడియ ఎందుకు దండగ అని పీకేస్తామా? కిటికీకి ఊచలు పెట్టిస్తాం. ఇంకో మాట. తమ్ముడు అన్న కాదు. అన్నకున్న పేరు, భయం, పట్టు మొత్తం తమ్ముడికి బదిలీ కావు. 2022లో తిండికీ పెట్రోలుకూ మందులకూ జనం అల్లాడిపోయి వీధుల్లోకి వచ్చినప్పుడు ఇద్దరూ దిగిపోవాల్సి వచ్చింది.

ఇక మీలో చాలా మంది మనసులో ఉన్న ప్రశ్న: "మరి మన దేశంలో ప్రధానమంత్రికి ఈ హద్దు లేదే?" లేదు, దానికి కారణం ఉంది. మన మంత్రిమండలి ప్రతిరోజూ లోక్‌సభకు జవాబుదారీ. 75వ అధికరణం చెప్పేది అదే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269 - 270తో, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుణ్ణి అలా మధ్యలో దించడం కుదరదు. అమెరికాలో ఇంతవరకు అభిశంసన వల్ల పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఒక్కడూ లేడు. మధ్యలో దించే దారి దాదాపు మూసి ఉన్న కుర్చీ కాబట్టే దానికి చివర గట్టిగా ఉండాలి. మన రాష్ట్రపతి రెండోసారి, మూడోసారి ఎన్నిక కావడానికి రాజ్యాంగం అడ్డు చెప్పదు. అయినా రాజేంద్రప్రసాద్ ఒక్కరే రెండుసార్లు ఎన్నికయ్యారు. పైగా రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుచుకుంటారు కాబట్టి అక్కడ ఆ ప్రమాదం తక్కువ. మన ప్రధానికీ ముఖ్యమంత్రులకూ హద్దు పెట్టాలా అన్నది ఇంకో వ్యాసానికి సరిపడే చర్చ. ఎవరైనా రాస్తే నేను చదువుతాను, అవసరమైతే పోట్లాడతాను.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఒక హెచ్చరిక చేశారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికే దారి తీస్తుందని ఆయన మాటల సారాంశం. రాజ్యాంగం రాసి పూర్తి చేసిన మనిషి, తన పని చూసుకుని మురిసిపోవాల్సిన రోజున, ఈ మాట ఎందుకు చెప్పారో మనం ఆలోచించాలి. మనం సినిమా హీరోలకు పాలాభిషేకాలు చేసేవాళ్ళం. ఒక మనిషి నచ్చితే ఇక ఆయనే అన్నీ అనడం మనకు చాలా తేలిక. అందుకే ఈ హద్దు అవసరం ఇంకా ఎక్కువ.

మంచి నాయకుడికి ఈ హద్దు అవమానం కాదు. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా 27 ఏళ్ళు జైల్లో ఉండి, 1994లో అధ్యక్షుడై, 1999లో ఒక్కసారితోనే దిగిపోయారు. రాజ్యాంగం ఇంకోసారికి ఒప్పుకునేది, జనం నెత్తిన పెట్టుకునేవారు. అయినా వద్దనుకున్నారు. అలాంటివాళ్ళకు చట్టం చెప్పక్కర్లేదు. కానీ ప్రతి దేశానికీ ప్రతిసారీ మండేలా దొరకడు. చట్టం రాసేది దొరకని రోజుల కోసం.

పదో తరగతి చదువుతున్న మాకు ఓటు రావడానికి ఇంకా రెండు మూడేళ్ళే. తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఇంట్లో రాజకీయాలు మాట్లాడుకునేటప్పుడు "ఎవరు రావాలి" అని ఎంత మాట్లాడుకుంటారో, "వచ్చినవాళ్ళు ఎలా దిగాలి" అని కూడా మా ముందు అంత మాట్లాడండి. మిత్రులారా, మీరు ఒప్పుకోకపోతే వచ్చే సంచికలో జవాబు రాయండి. కెప్టెన్ ఉదాహరణ మాత్రం మళ్ళీ తేవద్దు. ముందు అంపైర్లను ఎవరు పెట్టారో చెప్పి మొదలుపెట్టండి.